ఆదివారం ఎక్కడికి వెళ్దాం? కొరాపుట్, రాయగడ జిల్లాల్లో మన కుటుంబాలు చూడదగ్గ చోట్లు

ఆంధ్రా నుంచి చుట్టాలు రాయగడ వస్తే మజ్జిగౌరమ్మ దర్శనం చేయించి, భోజనం పెట్టి, సాయంత్రం రైలెక్కిస్తాం. కొరాపుట్ గానీ జయపురం గానీ వస్తే వాళ్లే అడుగుతారు, అరకు ఎంత దూరమని. మనం కూడా వాళ్లతో బయలుదేరి, మనం ఉంటున్న జిల్లాను దాటి, వాళ్ల జిల్లాలోని కొండనే వాళ్లకు చూపించి వస్తాం. మూడు తరాలుగా ఇక్కడ ఉంటున్న ఇళ్లలో డుడుమ చూడనివారు, దేవమాలి ఎక్కనివారు చాలామంది ఉన్నారు. సంఘం కార్యదర్శిగా ఏటా కార్తీక వనభోజనాలకు చోటు వెతికే పని నాది కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు.

మన ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. తాతకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మనవడు ఒడియా, ఇంగ్లీషు గడగడా చదువుతాడు, తెలుగు అక్షరం మాత్రం రాదు. తెలుగు బడులు తగ్గాక ఈ తేడా ఏటేటా పెరుగుతోంది. గుడి దగ్గర, జలపాతం దగ్గర ఉన్న బోర్డులు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. అందుకే ఈ వివరాలు తెలుగులో ఒకచోట ఉంచుతున్నాను. బోర్డు మనవడు చదవాలి, కథ తాత చెప్పాలి. ఒక పూట ఇద్దరికీ పని ఉంటుంది.

ముందు కొంచెం చరిత్ర. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. ఆ రోజునే కొరాపుట్ జిల్లా పుట్టింది. 1992లో దాన్ని నాలుగు జిల్లాలు చేసినప్పుడు రాయగడ వేరయింది. కాబట్టి మనలో చాలామంది పూర్వీకులు ఇంకో రాష్ట్రానికి వలస వచ్చినవారు కారు, ఉన్నచోట ఉండగానే రాష్ట్రం మారిందంతే. ఆ తర్వాత మాచ్‌ఖండ్ ప్రాజెక్టుకు, రైల్వేకు, కాగితం మిల్లుకు, సునాబెడ విమానాల ఇంజన్ల కర్మాగారానికి, దమన్‌జోడి నాల్కోకు వచ్చినవారు వేరు.

రాయగడ చుట్టుపక్కల

మజ్జిగౌరి అమ్మవారి గుడి గురించి మనవాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒడియాలో మా మాఝిఘరియాణి, మనకు మజ్జిగౌరమ్మ. గర్భగుడిలో అమ్మవారి ముఖం మాత్రమే దర్శనమిస్తుంది. నందపురం రాజ్యమేలిన సూర్యవంశపు విశ్వనాథదేవుడు 16వ శతాబ్దంలో ఇక్కడ కోట కట్టి అమ్మవారిని నిలిపాడని చెబుతారు. చైత్రంలో ఉత్సవాలు. పార్వతీపురం, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి మొక్కుబడులకు వచ్చే బళ్లతో సెలవురోజు ఆ వీధి నిండిపోతుంది. ముసలివారిని తీసుకువెళ్లేవారు ఆదివారం, పండుగ రోజులు వదిలేసి మామూలు రోజు ఉదయమే వెళ్తే నిలబడే బాధ తప్పుతుంది. స్టేషన్‌కు దగ్గర కాబట్టి రైలు దిగి గుడికి, గుడి నుంచి మళ్లీ రైలుకు వెళ్లవచ్చు.

ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో నాగావళి మీద హాతీపత్థర్ ఉంది. ఏనుగు పడుకున్నట్టుండే బండరాయి, దాని పక్కన నది రెండుచోట్ల దూకుతుంది. రాయగడ పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు అక్కడ ఫొటో దిగినవారే. పార్కు ఉంది, మెట్లు ఉన్నాయి, వంట చేసుకోడానికి నీడ ఉంది. దగ్గరగా ఉండటం దాని గొప్ప, అదే దాని ప్రమాదం కూడా. దగ్గరే కదా అని పెద్దవాళ్లు లేకుండా కుర్రాళ్లను పంపేస్తాం. అక్కడి రాళ్లు నీటికి నున్నబడి సబ్బులా ఉంటాయి. పైన కలహండి వైపు కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. ఒక ఏడాది మేము వంటలు మొదలుపెట్టినప్పుడు మోకాలి లోతున్న పాయ, వడ్డన అయ్యేసరికి నడుము దాకా వచ్చింది. అవతలి రాయి మీద కూర్చున్న నలుగురు కుర్రాళ్లను తాడు వేసి ఇవతలికి తేవలసి వచ్చింది. ఆనాటి నుంచి మా పిక్నిక్ సామాన్ల జాబితాలో గరిటెలకంటే ముందు నలభై అడుగుల తాడు రాస్తున్నాం. జూన్ నుంచి అక్టోబరు సగం దాకా హాతీపత్థర్‌ను పైనుంచి చూడాలే తప్ప దిగకూడదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

రాయగడ దగ్గరే నాగావళి మీద చెకగుడ వేలాడే వంతెన ఉంది, సాయంత్రం నడకకు సరిపోతుంది. తెరువలిలో లక్ష్మీనారాయణ మందిరం ప్రశాంతంగా ఉంటుంది. ఈ రెండూ కలిపి ఒక పూట.

నాగావళి వెంట సముద్రం దాకా

మనవాళ్లు దాదాపు మరిచిపోయిన యాత్ర ఒకటి ఉంది. నా లెక్కలో ఈ ప్రాంతంలో తెలుగు కుటుంబం తప్పకుండా చేయవలసిన ప్రయాణం అదే.

నాగావళి కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా ఆంధ్రాలోకి దిగి, శ్రీకాకుళం దాటి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కరువులో ఉన్న జనం కోసం బలరాముడు తన నాగలితో నేల చీల్చి ఈ నదిని తెచ్చాడని కథ. ఆ నది ఒడ్డున ఆయన అయిదుచోట్ల శివలింగాలు ప్రతిష్ఠించాడంటారు. వాటిలో మొదటిది మన రాయగడ జిల్లాలోనే ఉంది. అది పాయకపాడు పాతాళేశ్వరుడు, ఒడియావారి పైకపడా. రెండోది కొమరాడ మండలంలో నాగావళి, జంఝావతి కలిసేచోట గుంప సోమేశ్వరుడు. మూడోది వంగర మండలం సంగాం, అక్కడ సువర్ణముఖి, వేగావతి వచ్చి నాగావళిలో కలుస్తాయి, స్వామి సంగమేశ్వరుడు. నాలుగోది శ్రీకాకుళం గుడివీధిలో ఉమారుద్ర కోటేశ్వరుడు. అయిదోది కళ్లేపల్లిలో మణినాగేశ్వరుడు, ఆ గుడి దాటితే సముద్రమే.

శ్రీకాకుళం వాళ్లకు ఈ అయిదు పేర్లూ తెలుసు. కానీ మొదటి గుడి సరిహద్దు ఇవతల ఉండటం వల్ల అక్కడివారు చాలామంది నాలుగుతోనే సరిపెట్టుకుంటారు. మనకు మొదటిది పెరట్లో ఉంది, మిగతా నాలుగు దిగువన ఉన్నాయి. శివరాత్రికి అయిదుచోట్లా జాతరే. జనంలో తిరగలేనివారు కార్తీకంలో గానీ మాఘంలో మామూలు సోమవారం గానీ పెట్టుకోవచ్చు.

ఒక్కరోజులో అయిదూ చూసి తిరిగి రాయగడ చేరడం అయ్యే పనే, కానీ అది యాత్ర కాదు, హాజరు వేయించుకోవడం. రెండు విడతలుగా వెళ్లడం మేలు. మొదటి విడతలో తెల్లవారుజామున పాయకపాడు, అక్కడి నుంచి కొమరాడ వైపు దిగి గుంప, పార్వతీపురంలో భోజనం, వెలుతురుంటే తోటపల్లి బ్యారేజీ. రాయగడ నుంచి పార్వతీపురం యాభై కిలోమీటర్ల లోపే కాబట్టి రాత్రి భోజనానికి ఇల్లు చేరవచ్చు. రెండో విడతకు ఒక రాత్రి బస పెట్టుకోండి. సంగాం చూసి, శ్రీకాకుళంలో అరసవల్లి సూర్యదేవుణ్ణి, కోటేశ్వరుణ్ణి దర్శించుకుని, మరునాడు ఉదయం కళ్లేపల్లి.

పిల్లలకు ఈ యాత్రలో ఒక పని అప్పజెప్పాలి. హాతీపత్థర్ దగ్గర ఒక ఆకు మీద పువ్వు పెట్టి నదిలో వదిలి, ఈ నీరు ఎక్కడికి వెళ్తుందో చూద్దాం పదండని బయలుదేరదీయాలి. కొండ మీద నురగలు కక్కిన నది కళ్లేపల్లి దగ్గర చప్పుడు లేకుండా సముద్రంలోకి జారుకోవడం వాళ్లు కళ్లారా చూడాలి. గుణుపురం వారికి వంశధార కూడా ఇలాంటిదే. అది శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం దగ్గర, లైట్‌హౌస్ పక్కన సముద్రం చేరుతుంది. దారిలో ఒడ్డునే సాలిహుండం బౌద్ధ స్తూపాల కొండ ఉంది. కొరాపుట్ నీళ్ల దారి మాత్రం వేరు. కొలాబు శబరిగా మారి, మాచ్‌ఖండ్ సీలేరుగా మారి శబరిలో కలిసి, చివరికి రెండూ గోదావరికి చేరతాయి. మన రెండు జిల్లాల నీరంతా ఎటు తిరిగినా తెలుగునేల మీదుగానే సముద్రానికి వెళ్తుంది.

గుణుపురం, పద్మపూర్, చటికోన

గుడారి వైపు మీనఝోలలో అడవి గెడ్డలు వంశధారలో కలిసేచోట శివాలయం ఉంది. పేరులోనే చేప ఉంది, అక్కడి నీళ్లలో చేపలకు జనం మరమరాలు వేస్తారు, పట్టరు. శివరాత్రికి జనసముద్రం, మిగతా రోజుల్లో గువ్వల అరుపులు. కార్తీక వనభోజనాలకు మంచి చోటు. అయితే తాగే నీరు, నూనె, ఉప్పుతో సహా అన్నీ వెంట తీసుకువెళ్లాలి. పద్మపూర్ దగ్గర జగమండ కొండ మీద పాత శివాలయాలు ఉన్నాయి. అక్కడ దొరికిన 7వ శతాబ్దపు శాసనాన్ని బట్టి బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఆ కొండ మీద నివసించాడని కొందరు పండితులు చెబుతారు. చరిత్ర చదివే పిల్లలున్న ఇల్లయితే వెళ్లండి, మిగతావారు దారిలో పడితే చాలు.

చటికోన రాయగడకు 38 కిలోమీటర్లు. జలపాతం ఉంది, బుధవారం సంత ఉంది. మనలో ఎక్కువమంది సంత కోసమే వెళ్తారు, ఆ సంగతే కొంచెం గట్టిగా చెప్పాలి.

నియమగిరి కొండల మీద నుంచి డొంగరియా కొంధులు ఆ రోజు అనాస, అల్లం, పసుపు, అరటి, చిరుధాన్యాలు దింపుతారు. వాళ్లు చూపులకు వచ్చినవారు కారు, బేరానికి వచ్చిన రైతులు. ఆ కొండ కోసం పన్నెండు గ్రామసభలు పెట్టి, 2013లో సుప్రీంకోర్టు తీర్పు దరిమిలా, బాక్సైట్ తవ్వకం వద్దని పన్నెండింటిలోనూ తీర్మానించినవారు. అలాంటివాళ్ల ముఖం ముందు ఫోను పెట్టి, పది రూపాయలిస్తాను నవ్వమనడం ఏం మర్యాద? ప్రత్యేక బలహీన గిరిజన తెగలవారి ఫొటోలు తీయడం మీద, వాళ్ల ఊళ్లలోకి పర్యాటకులు వెళ్లడం మీద 2012లో ఒడిశా ప్రభుత్వం ఆంక్షలు కూడా పెట్టింది. ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాలకు ఈ సంగతి తెలియదు. తెలిసిన మనమే బండి దిగకముందు చెప్పాలి. వెళ్లండి, అనాసలు కొనండి, వాళ్లు చెప్పిన ధర ఇవ్వండి. అడ్డగోలుగా బేరమాడటం విశాఖ పూర్ణా మార్కెట్లో పెట్టుకోవచ్చు.

ఇదే మాట ఒనకఢిల్లీ గురువారం సంతకూ వర్తిస్తుంది. అక్కడికి బొండాలు వస్తారు. కేవలం వాళ్లను చూడటానికి వెళ్లే ప్రయాణాలకు మా సంఘం బండి కట్టదు. కుందులిలో శుక్రవారం సంత పెద్దది. కూరగాయలు, పశువులు, కుండలు, చోళ్లు, ఇప్పపువ్వు అన్నీ దొరుకుతాయి, పిల్లలను స్వేచ్ఛగా తిప్పవచ్చు.

రైలే ఒక విహారం

ఇంగ్లండులో సముద్రతీరపు ఊళ్లకు మామూలు జనం ఒక్కరోజు సరదాకు వెళ్లడం రైలు వచ్చాకే మొదలయింది. బ్లాక్‌పూల్‌కు 1846లో రైలు వచ్చింది, ఆ తర్వాత మిల్లు కార్మికులు కుటుంబాలతో దిగడం మొదలుపెట్టారు. మనకూ రెండు రైలు దారులున్నాయి, కానీ వాటిని మనం సంచులు మోసే బళ్లుగానే చూస్తాం.

మొదటిది కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే లైను. బైలడిలా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడం కోసం 1960 దశకంలో వేశారు. యాభైకి పైగా సొరంగాలు. అరకు లోయ దగ్గర సిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది, బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తయిన స్టేషన్‌గా చాలాకాలం పేరుండేది. మన కొరాపుట్ జిల్లాలోనూ ఒక సిమిలిగుడ ఉంది, సునాబెడ పక్కన. చుట్టాలు ఈ రెండూ ఒకటే అనుకుని తికమకపడతారు, ముందే చెప్పండి. కొరాపుట్ నుంచి కిరండూల్ ప్యాసింజరులో బొర్రా దాకా వెళ్లి గుహలు చూసి రావడం మనవాళ్లు చేసే పనే. అటు కాకుండా ఒకసారి కొరాపుట్ నుంచి జయపురం వైపు ఘాట్ దిగి చూడండి. దూరం రోడ్డు మీద 22 కిలోమీటర్లే, రైలు మాత్రం కొండ చుట్టూ తిరిగి తిరిగి దిగుతుంది.

రెండోది కొరాపుట్–రాయగడ లైను, 1990 దశకంలో పూర్తయింది. లక్ష్మీపూర్, టికిరి మీదుగా వెళ్తుంది. నా ఉద్దేశంలో అరకు లైనుకంటే ఇదే అందమైనది. కానీ దీనికి అద్దాల బోగీ లేదు, ప్రచారం లేదు. హీరాఖండ్, సమలేశ్వరి బళ్లు ఈ దారినే వెళ్తాయి. పగటిపూట దాటే బండి చూసుకుని ఎక్కాలి, రాత్రి బండిలో వెళ్తే సొరంగానికీ బయటికీ తేడా తెలియదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కిటికీ పక్క సీటు దొరికితే ఆ రోజు ఇంకేమీ చూడనక్కరలేదు. వర్షాలకు కొండచరియలు విరిగిపడి బళ్లు ఆగడం, దారి మళ్లడం ఉంది కాబట్టి తిరుగు ప్రయాణం అదే రోజు ఖాయమని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి.

కొరాపుట్, దేవమాలి

కొరాపుట్ ఊరే సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. జగన్నాథ మందిరాన్ని శబర శ్రీక్షేత్రమంటారు. ఏ కులం, ఏ తెగ అన్న తేడా లేకుండా అందరికీ ప్రవేశం ఉండటం దాని పేరులోనే ఉంది. దగ్గరే ట్రైబల్ మ్యూజియం ఉంది. గిరిజనుల నగలు, వలలు, వాయిద్యాలు, నూలు వడికే సామాను అన్నీ అక్కడ తీరుబడిగా చూడవచ్చు. సంతలో తీయకూడని ఫొటోల కోరిక ఇక్కడ తీర్చుకోండి, అయితే లోపల అనుమతి అడిగి తీసుకోవాలి. నవంబరులో జరిగే పరబ్ ఉత్సవాల్లో ధింసా నాట్యం చూడవచ్చు. రాయగడలో చైతి ఉత్సవాలు ఇలాంటివే. రెండింటి తేదీలు కలెక్టరేట్ ప్రకటించాకే రైలు టికెట్లు తీసుకోండి.

దేవమాలి ఒడిశాలో కెల్లా ఎత్తయిన శిఖరం, 1,672 మీటర్లు. కొరాపుట్ నుంచి సిమిలిగుడ మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. శిఖరం దగ్గర దాకా బండి వెళ్తుంది కాబట్టి మోకాళ్ల నొప్పులవారూ రావచ్చు. పైన చెట్లు లేవు, నీడ లేదు, గాలి మాత్రం గొడుగును తిప్పేస్తుంది. వానాకాలంలో మబ్బు మన కాళ్ల కింద ఉంటుంది. చలికాలంలో తెల్లవారుజామున వెళ్తే వరస వెనక వరసగా కొండలు కనిపిస్తాయి. డిసెంబరు, జనవరి నెలల్లో చంటిపిల్లలను తెల్లవారకముందు తీసుకువెళ్లకండి, ఆ చలి విశాఖ స్వెట్టరుకు ఆగదు.

అక్కడ మనం చేసే పాపం ఒకటుంది. పేపరు పళ్లేలు, ప్లాస్టిక్ గ్లాసులు గాలికి లేచి లోయలో పడతాయి, వాటిని తీసేవారు ఎవరూ ఉండరు. గత కొన్నేళ్లుగా మేము పిక్నిక్‌కు అడ్డాకులు, స్టీలు గ్లాసులే తీసుకువెళ్తున్నాం. గ్లాసులు కడిగేది ఎవరన్న వాదన ప్రతిసారీ వస్తుంది, చివరికి మగవాళ్లే కడుగుతున్నారు.

కొరాపుట్, జయపురం మధ్య కొలాబు జలాశయం, దాని పక్కన పూలతోట పెద్దలకూ పిల్లలకూ సగం రోజుకు సరిపోతాయి. నందపురంలో బత్తిస సింహాసనం ఉంది, ముప్పై రెండు మెట్ల రాతి గద్దె. మనం చిన్నప్పుడు విన్న విక్రమార్కుడి సింహాసనం కథే అక్కడివారూ చెబుతారు. జయపురానికి రాజధాని మారకముందు ఈ ప్రాంతపు రాజులు అక్కడే ఉండేవారు. దగ్గరే సుబాయిలో పాత జైన గుళ్లు ఉన్నాయి. చిన్నవి, చెక్కడం చక్కగా ఉంటుంది, జనం ఉండరు.

డుడుమ

మాచ్‌ఖండ్ నది అయిదొందల అడుగులకు పైబడిన ఎత్తు నుంచి ఒక్క దూకున పడేచోటు డుడుమ. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు అక్కడే. ఈ నీటి మీద కరెంటు తీయాలని 1940 దశకంలో మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం మొదలయింది. మొత్తం సామర్థ్యం 120 మెగావాట్లు, నేటికీ రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. ఆ కట్టుబడికి కిందనుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు మనలో ఎన్నో. జోలాపుట్ జలాశయం కింద మునిగిన ఊళ్లలోని గిరిజన కుటుంబాలకు మాత్రం ఆ కరెంటు ఇల్లు విడిచినందుకు దక్కిన ప్రతిఫలం కాలేదు. అది కూడా పిల్లలకు చెప్పవలసిన సంగతే.

నీటిని కరెంటు కోసం మళ్లిస్తారు కాబట్టి వేసవిలో జలపాతం సన్నగా దారంలా ఉంటుంది. నిండుగా చూడాలంటే ఆగస్టు నుంచి నవంబరు లోపు వెళ్లాలి. అంచు దగ్గర సెల్ఫీలకు కట్టు దాటే కుర్రాళ్లను పెద్దవాళ్లే ఆపాలి, అక్కడ జారితే మా తాడు కూడా పనికిరాదు. విద్యుత్ కేంద్రం లోపలికి ముందస్తు అనుమతి లేకుండా పంపరు. దారి లమ్తాపుట్ మీదుగా. ఆ వైపు ఫోను సిగ్నలు పోతూ వస్తూ ఉంటుంది, పెట్రోలు జయపురంలోనే నింపుకోండి.

జయపురం, గుప్తేశ్వరం

జయపురంలో రాజావారి కోట సింహద్వారం, జగన్నాథసాగరం, దసరా ఉత్సవం చూడదగ్గవి. 1931లో గద్దెనెక్కిన విక్రమదేవవర్మ మహారాజు ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన కవి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల చొప్పున విరాళమిచ్చిన దాత. వాల్తేరులో సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు, జయపురంలో కాలేజీకీ ఆయన పేరే. విశాఖ బీచ్ రోడ్డులో కనిపించే హవా మహల్ కూడా జయపురం రాజవంశం కట్టించిందే. మన పిల్లలు బీచ్‌కు వెళ్లినప్పుడు ఆ మేడ చూపించి, ఇది మన కొండమీది రాజులు సముద్రపు గాలికి కట్టుకున్న ఇల్లు అని చెప్పండి.

గుప్తేశ్వరం జయపురానికి పడమర యాభై అయిదు కిలోమీటర్ల పైచిలుకు, బొయిపరిగుడ, రామగిరి అడవి మీదుగా దారి. సున్నపురాతి గుహలో నిలువెత్తు శివలింగం. మెట్ల పొడవునా సంపెంగ చెట్లు. కింద కొలాబు, అవతలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్. రాముడు దండకారణ్యంలో తిరిగినప్పుడు ఈ స్వామిని కొలిచాడని కథ. గుహలో జారుతుంది, చీకటి, గాలి తక్కువ. ఆయాసం ఉన్నవారిని శివరాత్రి రద్దీలో లోపలికి పంపకండి. సాయంత్రం నాలుగింటికల్లా తిరుగు బండి కదలాలి, ఆ అడవి దారిలో చీకటి తొందరగా పడుతుంది. ఒకసారి మాట్లాడుకున్న బండికి ఒకవైపు దీపం లేదని రామగిరి దాటాక గానీ తెలియలేదు. అప్పటి నుంచి అడ్వాన్సు ఇచ్చేముందు దీపాలు, అదనపు టైరు చూసి సంతకం పెడుతున్నాను.

కొనుక్కోవలసినవి రెండు మూడు చెబుతాను. కొట్‌పాడ్ నేత చీరలు, తువాళ్లు. ఆల చెట్టు వేరు రంగుతో వేసిన ఎరుపు, గోధుమ రంగులు. 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన ఆడపడుచులకు పెట్టడానికి పోచంపల్లికి పరుగెత్తనక్కరలేదు. కొరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో ఆ గుర్తింపు వచ్చింది. చూడటానికి జీలకర్రలా ఉంటుంది, పరమాన్నానికి శ్రేష్ఠం, పులిహోరకు పనికిరాదు, మెత్తబడుతుంది. కొరాపుట్ కాఫీ సంగతి, ఫిల్టరు కాఫీ తాగే ఇళ్లు ఒకసారి తెచ్చి చూస్తే అరకు పొట్లం మానేస్తారు.

సముద్రమే కావాలంటే

ఎన్ని కొండలు చూపించినా పిల్లలు చివరికి సముద్రమే అడుగుతారు. కొరాపుట్, రాయగడల వారికి విశాఖ, భీమిలి తెలిసినవే. గుణుపురం వారికి అంతకంటే దగ్గరి దారి ఉంది. నౌపడ–గుణుపురం రైలు. పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు 1900లో మొదలై, 1931లో గుణుపురం చేరింది. ఆ నేరోగేజ్ పోయి ఇప్పుడు బ్రాడ్‌గేజ్ నడుస్తోంది. నౌపడలో దిగితే ఉప్పుమడులు, అక్కడి నుంచి ఆటోలో భావనపాడు సముద్రతీరం. విశాఖలోలా దుకాణాలు, గుర్రాలు, పోలీసులు ఉండరు. చేపల పడవలు, ఇసుక, మనం తీసుకువెళ్లిన పులిహోర డబ్బా. కాపాడేవారు లేని తీరం కాబట్టి మోకాలి లోతు దాటి ఎవరినీ దిగనివ్వకండి. గుణుపురం తిరుగు బండి వేళ స్టేషన్లో దిగగానే కాగితం మీద రాసుకోండి. ఆ లైనులో బళ్లు తక్కువ. అది తప్పిపోతే టెక్కలి వెళ్లి బస్సు పట్టుకోవాలి, పిల్లలు అప్పటికే నిద్రపోతుంటారు.